పట్రోనీ లేని రన్‌వే

విమాన ప్రమాదం సినిమాలో అసలు కథ ఆకాశంలో నడవదు, నేల మీద నడుస్తుంది. మా పుదుచ్చేరి నెల్లితోపు టీకొట్టులో ఈ మాటంటే నవ్వారు. నవ్వినవాళ్లు ‘పయనం’ తమిళంలో చూసినవాళ్లు. నేను దాన్నే ‘గగనం’గా తెలుగులో చూశాను. రెండింట్లోనూ హీరో నాగార్జునే, దర్శకుడు రాధామోహనే.

ఈ తరహా సినిమాలకు దారి వేసింది 1970లో వచ్చిన హాలీవుడ్ ‘ఎయిర్‌పోర్ట్’. ఆర్థర్ హెయిలీ నవలను జార్జ్ సీటన్ తెరకెక్కించాడు. బీమా సొమ్ము ఇంటికి చేరాలని ఒకడు బాంబు పెట్టెతో విమానం ఎక్కుతాడు. వాడి పక్కసీట్లో టికెట్ కొనకుండా ఎక్కిన ముసలావిడ. ఆ వేషానికి హెలెన్ హేస్‌కి ఆస్కార్ వచ్చింది, అందరూ ఆవిడనే తలుచుకుంటారు. నాకు మాత్రం జో పట్రోనీ ఇష్టం. మంచు తుఫాను రాత్రి ఓ 707 విమానం మంచులో దిగబడి మెయిన్ రన్‌వేకి అడ్డం పడుతుంది. పైన దెబ్బతిన్న విమానం దిగాలంటే ఇది తొలగాలి. లేకపోతే బండ్లతో నెట్టి పారేయడానికి ఏర్పాట్లు అవుతున్నాయి. నోట్లో చుట్టతో మెకానిక్ పట్రోనీ కాక్‌పిట్‌లో కూర్చుంటాడు. పక్కనున్న పైలట్ వద్దు వద్దంటున్నా వినకుండా ఇంజన్ల జోరు పెంచుతూ పోతాడు. విమానం ఊగుతుంది, వణుకుతుంది, ఒక్క ఉదుటున బయటపడుతుంది. తర్వాతి మూడు భాగాల్లోనూ జార్జ్ కెన్నెడీ ఆ పాత్రలో కనిపించాడు. చివరిదాంట్లో మెకానిక్ కాస్తా కాంకార్డ్ నడిపే పైలట్ అయిపోయాడు. దాని సంగతి వదిలేద్దాం.

2011 నాటి ‘గగనం’లో చెన్నై నుంచి ఢిల్లీ వెళ్లాల్సిన విమానాన్ని హైజాక్ చేస్తారు. అది తిరుపతిలో దిగుతుంది, ఇక అక్కడే ఉంటుంది. పాటల్లేవు, డ్యూయెట్ లేదు. నాగార్జున అంతటి స్టార్ దానికి ఒప్పుకోవడం సాహసమే. హైజాకర్లు విడిచిపెట్టమన్న తీవ్రవాది దారిలో ప్రమాదంలో చనిపోతాడు. దాంతో అధికారులు అతని పోలికలున్న జూనియర్ ఆర్టిస్టు ఒకణ్ని వెతికి తెస్తారు. కమాండోల కాల్పులకే హాల్లో ఈలలు పడ్డాయని టీకొట్టు మిత్రుల వాదన. పడ్డాయి, కాదనను. కానీ తుపాకీ పట్టని ఆ చిన్న నటుడు ఎక్కడ దొరికిపోతాడోనన్న భయం ముందు ఆ కాల్పులు నాకు ఆనలేదు.

ఆ కథ చూస్తుంటే 1999 డిసెంబర్ 24 గుర్తుకు రాక మానదు. కాఠ్మాండూ నుంచి ఢిల్లీ రావాల్సిన ఐసీ 814 విమానం హైజాకై అమృత్‌సర్‌లో దిగింది. ముప్పావుగంటకు పైగా మన గడ్డ మీదే ఉంది. ఇంధనం పోయలేదు, దారీ మూయలేదు, ఎవరో ఒకరు తెగించి నిర్ణయం తీసుకునేలోపే అది లేచిపోయింది. లాహోర్, దుబాయ్ మీదుగా కాందహార్ చేరింది. డిసెంబర్ 31న ముగ్గురు తీవ్రవాదుల్ని వదిలితేగాని మనవాళ్లు తిరిగి రాలేదు. అమృత్‌సర్ రన్‌వే మీద పట్రోనీ లేడు.

అలాగని విమానాన్ని కదలనివ్వకపోతే చాలని కూడా చెప్పలేం. 1986 సెప్టెంబర్ 5న కరాచీలో హైజాకర్లు ఎక్కగానే పాన్ ఆమ్ పైలట్లు కాక్‌పిట్ నుంచి తప్పించుకోవడంతో విమానం అక్కడే ఆగిపోయింది. అయినా విమాన సిబ్బందిలోని నీరజా భనోత్ సహా ఇరవై మంది దాకా ప్రాణాలు పోయాయి. అప్పుడూ కింద ఉన్నవాళ్లు గంటల తరబడి మాటలతో పొద్దుపుచ్చారు.

తెలుగు నిర్మాతలకు ఒక కథకు సరుకు ఇస్తున్నాను, పైసా అడగను. మా ఊరి లాస్‌పేట విమానాశ్రయంలో రన్‌వే సుమారు ఒకటిన్నర కిలోమీటరు. ఏటీఆర్ లాంటి చిన్న విమానాలకే సరిపోతుంది. సముద్రం మీద ఓ పెద్ద విమానంలో పొగ లేచింది, చెన్నై దాకా వెళ్లే వ్యవధి లేదు, దగ్గర్లో ఉన్నది ఇదొక్కటే. టవర్‌లో డ్యూటీలో ఉన్న కుర్రాడు మైకు అందుకున్నాడు. అక్కడినుంచి మీరు రాసుకోండి.

— తోపువాసి