మా ఊరికి సెకండ్ ర్యాంకు

మా మనవరాలు హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతోంది. స్టాటిస్టిక్స్ దాని సబ్జెక్టు. జనాభా లెక్కలు ముందేసుకుని ఏదో ఒక అంశం మీద ఊళ్ళకు ర్యాంకులు వేసుకు రమ్మని కాలేజీలో ప్రాజెక్టు ఇచ్చారట. మిగతా పిల్లలంతా బుద్ధిగా అక్షరాస్యత, తాగునీరు అంటూ ఎంచుకున్నారు. ఇది మాత్రం 'రాష్ట్రంలో అతి చప్పని పట్టణాలు' అని ఎంచుకుంది.

"చప్పనంటే ఏమిటే? ఉప్పు తక్కువైందా?" అన్నాను.

"బోరింగ్ ఊళ్ళు తాతయ్యా!" అంది.

మా తరానికి బోరింగ్ అంటే వీధి చివర ఉండే చేతిపంపు. నాలుగుసార్లు కొడితే బిందె నిండేది. పంపు చుట్టూ చేరే ఆడవాళ్ళ కబుర్లతో వీధి వీధంతా మోగిపోయేది. ఊరంతటికీ అంతకంటే సందడైన చోటు ఇంకోటి ఉండేది కాదు. ఆ మాట చెబితే అది నవ్వి, అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలో నిజంగానే 'బోరింగ్' అనే ఊరుందని చెప్పింది. బోరింగ్ అన్నది అక్కడ మొదట్లో స్థిరపడిన ఒకాయన ఇంటిపేరు. స్కాట్లాండ్‌లో 'డల్' అనే పల్లె ఒకటుంది. 2012లో ఈ రెండూ జంట ఊళ్ళయ్యాయి. మరుసటేడు ఆస్ట్రేలియా నుంచి 'బ్లాండ్' అనే ప్రాంతం కూడా వచ్చి కలిసింది. బ్లాండ్ అన్నా చప్పనే. పేరులో ఉన్న అవమానాన్నే పండగ చేసుకుని, ఆగస్టు 9న ఏటా వేడుక జరుపుకుంటున్నారట. తెలివైనవాళ్ళు!

సరే, ర్యాంకులు ఎలా వేశావే అని అడిగాను. దాని లెక్క చాలా సూటిగా ఉంది. ఊళ్ళో పనీ, చదువూ, సందడీ ఉంటే బయటివాళ్ళు వస్తారు. లేకపోతే ఉన్నవాళ్ళు పోతారు. కాబట్టి పదేళ్ళలో జనాభా పెరగని ఊరే చప్పని ఊరు. 2021లో జరగాల్సిన జనగణన కరోనా వల్ల వాయిదా పడింది కనక 2001, 2011 లెక్కలు తీసుకుంది. రాష్ట్రమంతా చేసేముందు నమూనాగా కోస్తాలో నాలుగు పట్టణాలు పట్టుకుంది. ఆ నాలుగింట్లో రెండు మా ఇంట్లోవే. నాది నరసాపురం, మా శ్రీమతిది బందరు.

ఫలితాలు భోజనాల దగ్గర ప్రకటించింది. నాలుగో స్థానం చీరాల: 85,455 నుంచి 87,200కు, అంటే రెండు శాతం పెరిగింది. మూడోది తాడేపల్లిగూడెం: లక్షా రెండు వేల చిల్లర నుంచి సుమారు లక్షా నాలుగు వేలు. రెండో ర్యాంకు మా నరసాపురం. 2001లో 58,508 మంది. 2011లో 58,770 మంది. పదేళ్ళలో పెరిగింది అక్షరాలా 262 మంది. రెండు వారాలకు ఒక మనిషి!

"మరి ఫస్టు ర్యాంకో?" అంది మా ఆవిడ గుక్క తిప్పుకోకుండా.

"మీ బందరే నాన్నమ్మా. 1.79 లక్షలుండేది 1.70 లక్షలైంది. పెరగడం కాదు, తగ్గింది."

మా ఆవిడ ముఖం వెలిగిపోయింది. "ఏవండీ, విన్నారా? ఎందులోనైనా మా బందరు తర్వాతే మీ నరసాపురం" అంది. పుట్టింటికి ఫస్టు ర్యాంకు వస్తే చాలు. దేనికొచ్చిందన్నది ఆడవాళ్ళకు అనవసరం. ఈ మాట రాసినందుకు ఈ ఆదివారం నాకు కాఫీ ఆలస్యమవుతుందని తెలిసే రాస్తున్నాను.

నవ్వులాట సద్దుమణిగాక ఆ జాబితా చేతిలోకి తీసుకుని చూశాను. అందులో ఉన్న ఊళ్ళు ఎలాంటివి?

చీరాలనే తీసుకోండి. 1921లో మునిసిపాలిటీ వద్దు, ఆ పన్నులు మేం కట్టలేం అని దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట వేలాది మంది ఇళ్ళు వదిలి ఊరవతల పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. చీరాల-పేరాల ఉద్యమమంటే అదే. మా మనవరాలి సూత్రం ప్రకారం చూస్తే ఆ ఏడాది దేశం మొత్తంలో అతి చప్పని ఊరు చీరాలే అవుతుంది. ఎందుకంటే ఊళ్ళో జనమే లేరు!

బందరు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంగ్లీషువాళ్ళు 1611లోనే వచ్చి అక్కడ వ్యాపారం మొదలుపెట్టారు. పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రాబ్యాంకు పెట్టిందీ అక్కడే. 1864 నాటి తుఫానుకు దాదాపు ముప్పై వేల మంది చనిపోయారని చెబుతారు. అంతటి సందడి చూసిన ఊరు ఇంకేం సందడి కోరుకుంటుంది? ఊరి గురించి వార్తలేవీ లేకపోవడం కూడా ఒక్కోసారి అదృష్టమే.

ఇక తాడేపల్లిగూడానికి 2015లో నిట్ వచ్చింది. దేశం నలుమూలల నుంచీ వచ్చిన పిల్లలు అక్కడ చదువుకుంటున్నారు. 2011 లెక్కకు ఆ సంగతి తెలీదు పాపం.

అసలు మా పాత పశ్చిమ గోదావరి జిల్లా మొత్తానిదీ ఇదే కథ. 2001లో 38,03,517 మంది. 2011లో 39,36,966 మంది. పెరుగుదల మూడున్నర శాతం. ఉమ్మడి రాష్ట్రంలోని 23 జిల్లాల్లో అతి తక్కువగా పెరిగినవాటిలో ఒకటి. అదే పదేళ్ళలో రంగారెడ్డి జిల్లా 48 శాతం పెరిగింది. మరి అన్నపూర్ణ అని పేరుపడ్డ డెల్టాలో జనం ఎందుకు పెరగలేదు?

మొదటి కారణం కూకట్‌పల్లిలో ఏ కర్రీపాయింటు దగ్గర నిలబడినా తెలుస్తుంది. 'ఆయ్' అనే పలకరింపు చెవిన పడకపోతే అడగండి. మావాళ్ళు తగ్గలేదు. రంగారెడ్డి లెక్కలో కలిశారంతే. నరసాపురంలో రైలుపట్టా ఆఖరవుతుంది, అవతల గోదావరే. సాయంత్రం అక్కడ బయల్దేరిన బండి పొద్దున్నే హైదరాబాద్‌లో దింపుతుంది. మా ఊరి సందడంతా అలా రైలెక్కి వచ్చేసింది.

రెండో కారణం, చెప్పిన మాట వినడం. చిన్న కుటుంబమే చింతలేని కుటుంబమని గోడల మీద రాస్తే నమ్మినవాళ్ళం మేం. ఇద్దరితో ఆపేశాం, తర్వాతివాళ్ళు ఒక్కరితోనే ఆపేశారు. జనాభాను అదుపు చేసిన రాష్ట్రాలు నష్టపోకూడదని 1976లోనూ, మళ్ళీ 2001లోనూ రాజ్యాంగాన్ని సవరించి లోక్‌సభ సీట్ల పంపకాన్ని 1971 లెక్కల దగ్గరే నిలిపారు. ఇప్పుడు గాలి ఎదురు తిరిగింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎత్తేసింది. పిల్లల్ని కనండి బాబూ అని బతిమాలే రోజులొచ్చాయి. చెప్పిన మాట విన్న పిల్లాడికే మార్కులు తగ్గినట్టుంది మా జిల్లా పరిస్థితి.

ఇంతవరకూ మా మనవరాలు కాదనలేదు. "అదంతా కారణం తాతయ్యా. కారణమేదైనా అంకె అంకేగా" అంది. నిజమే. అప్పుడే నేను మా ఇంటి అంకె చెప్పాల్సి వచ్చింది.

1971 జనాభా లెక్కల నాటికి నేను ఎనిమిదో తరగతి. నరసాపురంలో మా ఇంట్లో ఏడుగురం. 2001 నాటికి అమ్మా నాన్నా ఇద్దరే మిగిలారు. 2011లో అమ్మ ఒక్కతే. అంటే ఆ పదేళ్ళలో మా ఇంటి వృద్ధి రేటు మైనస్ యాభై శాతం. ఊరిని చప్పన చేసిందెవరయ్యా అంటే, మొదటి వరసలో నేనే నిలబడాలి.

1971లో లెక్కలు రాయడానికి వచ్చిన పంతులుగారు నాకింకా గుర్తే. అరుగు మీద కూర్చుని ఒక్కొక్కరి గురించీ అడుగుతున్నారు. నాన్న సమాధానాలు చెబుతున్నారు. గుమ్మం పక్కన అమ్మ లేసు అల్లుతోంది. మా ప్రాంతంలో లేసు తెలియని ఇల్లుండదు. చేతిలో సన్నటి కొక్కెం సూది, ఒళ్ళో దారపు ఉండ. వంటయ్యాక, గిన్నెలు తోమాక, రాత్రి లాంతరు దగ్గర కూడా ఆ వేళ్ళు ఆగేవి కావు. ఏజెంటు వచ్చి అల్లినవి పట్టుకెళ్ళి నాలుగు రూపాయలు చేతిలో పెట్టేవాడు. అవి ఎక్కడెక్కడి దేశాల్లోనో బల్లల మీద పరుచుకునేవారట. మా స్కూలు ఫీజులు, చెల్లాయి పరికిణీలు ఆ డబ్బులే.

"అమ్మగారు ఏం చేస్తారండీ?" అన్నారు పంతులుగారు.

"ఏమీ లేదండీ. ఇంట్లోనే ఉంటుంది" అన్నారు నాన్న.

ఆయన అబద్ధం చెప్పాలనుకోలేదు. అదే నిజమనుకున్నారు. పంతులుగారూ అలాగే రాసుకున్నారు. అమ్మ కూడా తలెత్తలేదు. సూది మాత్రం ఆగలేదు.

మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మా నరసాపురం లేసు కార్మికుల మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. విదేశాలకు ఎగుమతయ్యే సరుకు తయారుచేస్తున్న ఈ ఆడవాళ్ళను అందరూ ఖాళీ సమయంలో ఏదో అల్లుకునే గృహిణులుగానే చూస్తున్నారనీ, పనివాళ్ళుగా ఎవరూ గుర్తించడం లేదనీ ఆమె రాశారు. సముద్రాలు దాటొచ్చిన మనిషికి కనిపించింది మా అరుగు మీద కూర్చున్నవాళ్ళకు కనిపించలేదు. ఆ నరసాపురం లేసుకే 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చూడ్డానికి అమ్మ లేదు.

మా మనవరాలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన పుస్తకం తీసి ఒక నిర్వచనం చూపించింది. ఒక ఊరిని జనాభా లెక్కల్లో పట్టణంగా లెక్కించాలంటే, అక్కడ మునిసిపాలిటీ అన్నా ఉండాలి, లేదా మూడు షరతులు నెరవేరాలి. కనీసం 5,000 జనాభా ఉండాలి. చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలి. పనిచేసే మగవాళ్ళలో కనీసం 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండాలి.

"మగవాళ్ళలో... చూశావా తాతయ్యా? ఊరు పట్టణమా కాదా అన్నదానికి తాతమ్మ పని లెక్కలోకే రాదు" అంది.

నేను చెప్పాలనుకున్న మాట అదే చెప్పేసింది. అంకెలు అబద్ధమాడవు. కానీ అడిగినదానికే సమాధానం చెబుతాయి. మనం చెప్పిందే రాసుకుంటాయి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, వాయిదా పడ్డ జనగణనకు 2025 జూన్‌లో నోటిఫికేషన్ వచ్చింది. 2027 మార్చి 1 నాటికి దేశంలో ఎవరెక్కడున్నారో లెక్క తేలుస్తారు. లెక్కలు రాసేవారు మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆలోచించి జవాబు చెప్పండి. జనాభా లెక్కల్లో పని అంటే జీతం వచ్చేదొక్కటే కాదు. కూలి ముట్టినా ముట్టకపోయినా, సొంత పొలంలోనో, ఇంటి వ్యాపారంలోనో చేసే చాకిరీ కూడా పనే. గృహ పరిశ్రమ అని విడిగా ఒక వర్గమే ఉంది. మీ ఇంట్లో అప్పడాలు ఒత్తి అమ్మే అత్తగారు, మిషను కుట్టే కోడలు, పాడి చూసుకునే అమ్మ ఉంటే 'ఏమీ లేదండీ' అని మాత్రం అనకండి.

నరసాపురంలో మా ఇంట్లో ఇప్పుడు అద్దెకు నలుగురుంటున్నారు. 2011లో ఒక్కరు, ఇప్పుడు నలుగురు. వచ్చే లెక్కలో మా ఇల్లు మూడు వందల శాతం పెరుగుతుంది. చప్పని ఊళ్ళో మహా సందడైన ఇల్లు మాదే!

ప్రాజెక్టు ఇచ్చేసిందో లేదో గానీ, మొన్న సంక్రాంతికి నరసాపురం చూద్దామని మా మనవరాలే పట్టుబట్టింది. పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లి వెళ్ళాలట. అంతర్వేది చూడాలట. అక్కడ బోరు కొడుతుందే అని హెచ్చరించాను. వినలేదు. రిజర్వేషన్ తెరిచిన కాసేపటికి ఫోను పట్టుకుని కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది.

"తాతయ్యా, అప్పుడే వెయిటింగ్ లిస్టు చూపిస్తోంది! నరసాపురానికా ఇంతమంది?"

"వాళ్ళంతా నీ లెక్కలో తగ్గినవాళ్ళే అమ్మా" అన్నాను.

చివరికి బస్సులో వెళ్ళాం. బందరు మీదుగా... మా ఆవిడ ఊరుకుంటుందా మరి! ఫస్టు ర్యాంకు వచ్చిన ఊళ్ళో ఆగి కిలో లడ్డూలు కొనిచ్చిందాకా బస్సు కదలనివ్వలేదు.