రిమ్ము పెరిగింది... రబ్బరు తరిగింది

జహీరాబాద్: రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే ఊళ్ళ జాబితాలో కోహీర్ పేరు ప్రతి చలికాలంలోనూ కనబడుతుంది. సముద్ర మట్టానికి సుమారు ఆరు వందల మీటర్ల ఎత్తున ఉన్న మిట్ట ప్రాంతం కావడం చేత డిసెంబరు, జనవరి మాసాలలో తెల్లవారుజామున అయిదారు డిగ్రీలకు దిగిన రోజులు కూడా ఇక్కడ ఉన్నాయి. సరిగ్గా ఈ రోజులలోనే చెరకు ట్రాక్టర్లు రాత్రింబవళ్ళు తిరుగుతాయి. ఆలుగడ్డ లారీలు బయలుదేరుతాయి. ఝరాసంగం కేతకీ సంగమేశ్వరునికి మొక్కులున్నవారు చీకటితోనే ప్రయాణమవుతారు. పెళ్ళిళ్ళ రాకపోకలు సరేసరి. పొగమంచు దిగిన పొద్దున పది గజాల ముందు ఏమున్నదో కనబడని రోడ్డు మీద ఇంతమంది ప్రయాణం చేయవలసి వస్తున్నది.

ఈ రోడ్ల మీదికి కొన్నేళ్ళుగా ఎత్తయిన పెద్ద కార్లు విరివిగా వస్తున్నాయి. వీటిని ఎస్‌యూవీలు అంటున్నారు. పల్లెల్లో కూడా కాస్త భూమి, కాస్త కాంట్రాక్టు ఉన్నవారి వాకిట ఇటువంటి బండి కనిపిస్తున్నది. కొత్తది కొనలేనివారు హైదరాబాదులో పాతది చూసి తెచ్చుకుంటున్నారు. ఇందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. ఊరిలో ఒక్క పెద్ద కారు ఉంటే అర్ధరాత్రి కాన్పు కేసును బీదరుకో, సంగారెడ్డికో, హైదరాబాదుకో చేర్చడానికి అదే దిక్కవుతున్నది. అందుకే ఆ బండి చక్రం సంగతి యజమాని ఒక్కడిదే అనుకోవడానికి వీలు లేదు.

కొనేటప్పుడు అందరూ చూసేది చక్రాన్నే. నిగనిగలాడే అల్లాయ్ రిమ్ము ఎంత పెద్దదైతే అంత దర్జా. "పదిహేడు అంగుళాలా? మా బావ బండికి పద్దెనిమిది" అనే మాటలు పెళ్ళిపందిళ్ళలో కూడా వినబడుతున్నాయి. ఇప్పుడు పంతొమ్మిది, ఇరవై అంగుళాల వరకు వచ్చింది. పెద్ద చక్రం అయితే గుంతలను సులువుగా దాటుతుందనీ, బండి ఎత్తు పెరుగుతుందనీ చాలామంది నమ్మకం. ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. మన ఎడ్లబండి నుంచే వచ్చింది.

ఎడ్లబండి చక్రం నిజంగానే పెద్దది. వడ్ల ఆయన ఆకులు బిగించి, పూటీలు కూర్చి, పైన ఇనుప పట్టా ఎక్కించే ఆ చక్రం దాదాపు మనిషి రొమ్ము దాకా వస్తుంది. నల్లరేగడిలో పడిన గాడిని, ఎర్రనేలలో తేలిన రాతిని అది అవలీలగా దాటిపోయేది, దాని మొత్తం ఎత్తు పెద్దది గనుక. పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వారు సంక్రాంతి మొదలుకొని ఊరూరా జరుపుతూ వచ్చిన పాత పంటల జాతరలో ఆ బండ్లను అలంకరించి నడపడం ఈ ప్రాంతం వారందరూ చూసినదే. ట్రాక్టరు వెనుక చక్రం కూడా ఈ కోవలోనిదే. 13.6-28 అని రాసి ఉండే టైరుకు రిమ్ము ఇరవై ఎనిమిది అంగుళాలున్నా, దానిపై రబ్బరు కూడా అంతకు తగినట్లు లావుగా ఉంటుంది. దుక్కిలో దిగేటప్పుడు అందులో పెట్టే గాలి కారు టైరు గాలిలో సగం కూడా ఉండదు.

కారు సంగతి ఇందుకు భిన్నం. కారు టైరు పక్కన రాసిన అంకెలు చదవడం వస్తే ఈ తేడా ఎవరికైనా తెలుస్తుంది. 1980లలో ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీలు తయారైన ఊరు జహీరాబాద్. ఆ సంస్థ తరువాత మహీంద్రా చేతికి వచ్చింది. 2013లో ట్రాక్టర్ల కర్మాగారం కూడా ఇక్కడ మొదలైంది. చక్రాల మధ్య బ్రతుకుతున్న ఊరికి ఈ అంకెలు తెలియకపోవడం బాగుండదు.

పల్లెలకు బాగా తెలిసిన బొలెరో టైరు మీద 215/75 ఆర్ 15 అని ఉంటుంది. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవది రిమ్ము అంచు నుంచి నేల దాకా ఉండే రబ్బరు ఎత్తు. అది వెడల్పులో నూటికి ఎంతో చెబుతుంది. చివరిది రిమ్ము, అంగుళాలలో. 215లో నూటికి 75 అంటే 161 మిల్లీమీటర్లు, అనగా ఆరు అంగుళాల పైచిలుకు రబ్బరు. ఇప్పుడు 2021లో వచ్చిన ఎక్స్‌యూవీ 700ను చూడవచ్చు. ధర తక్కువ రకాలకు 235/65 ఆర్ 17 టైరు వేశారు. ధర ఎక్కువ రకానికి 235/60 ఆర్ 18 వేశారు. లెక్క కడితే మొదటి చక్రం మొత్తం ఎత్తు 737 మిల్లీమీటర్లు, రెండవదానిది 739. అంగుళం పెద్ద రిమ్ము వేసినందువల్ల ఇరుసు నేల నుంచి లేచింది ఒకే ఒక్క మిల్లీమీటరు. రబ్బరు మాత్రం 153 నుంచి 141 మిల్లీమీటర్లకు దిగింది.

2024 నవంబరులో విడుదలైన విద్యుత్ కారు బీఈ 6కు పంతొమ్మిది అంగుళాలవి, కావాలంటే ఇరవై అంగుళాలవి చక్రాలు ఇస్తున్నారు. ఇరవై అంగుళాలదాని టైరు 245/50 ఆర్ 20. రబ్బరు 122 మిల్లీమీటర్లు, అంటే అయిదు అంగుళాలు కూడా లేదు. రెండు చక్రాల మొత్తం ఎత్తు మాత్రం దాదాపు సమానమే. ఒక్క కంపెనీని అనవలసిన పని లేదు, అన్ని కంపెనీల వరసా ఇదే. బండి గుళ్ళ కింద పట్టే చక్రం ఎత్తు మారదు కనుక రిమ్ము పెరిగిన ప్రతిసారీ రబ్బరే తగ్గవలసి వస్తుంది. ఎడ్లబండిని చూసి నేర్చిన లెక్క ఇక్కడ చెల్లదు.

ఈ లోటు వానాకాలంలో కంటె చలికాలంలోనే ఎక్కువగా బయటపడడానికి కారణాలున్నాయి.

మొదటిది గుంతలు. వానలకు తెగిన రోడ్డు వానాకాలంలో నీళ్ళతో మెరుస్తూ ముందే హెచ్చరిస్తుంది. డ్రైవరు పక్కకు తిప్పుకుంటాడు. నవంబరు వచ్చేసరికి ఆ నీరు ఎండి, మట్టి కొట్టుకుపోయి, తారు అంచు కత్తి పదునుతో నిలుస్తుంది. ఊళ్ళలోకి దిగే దారులలో తారు పక్కన మట్టి జారిపోయి జానెడు మెట్టు ఏర్పడుతుంది. ఎదురుగా చెరకు ట్రాలీ వస్తే దిగక తప్పదు. దిగాక మళ్ళీ ఎక్కేటప్పుడు ఆ మెట్టు టైరు పక్క భాగాన్ని ఒరుసుకుంటుంది. పొగమంచులో ఈ గుంతా కనబడదు, ఈ మెట్టూ కనబడదు. ఆరు అంగుళాల రబ్బరు ఉన్న బండి 'దబ్' మని పడి లేచి పోతుంది. అయిదు అంగుళాలు లేని రబ్బరు గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య నలుగుతుంది. అడకత్తెరలో పోకచెక్క అన్నట్టే. రిమ్ము వంగుతుంది, లేదా టైరు పక్కన నిమ్మకాయంత బుడిపె లేస్తుంది. ఆ బుడిపెతో నడిపితే ఎప్పుడు పగులుతుందో చెప్పలేము.

రెండవది గాలి. దీన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. మధ్యాహ్నం ముప్పై డిగ్రీల ఎండలో, నడిచి వేడెక్కిన బండికి, పెట్రోలు బంకులో 33 గాలి పెట్టించుకుని ఇల్లు చేరుతారు. తెల్లవారి ఎనిమిది డిగ్రీల చలిలో అదే టైరులో 29, 30 మించి ఉండదు. నడిచిన వేడి కూడా దిగిపోతుంది కనుక ఒక్కోసారి అంతకంటె తక్కువే ఉంటుంది. టైరుకు రంధ్రం పడలేదు. చల్లబడిన గాలి కుంచించుకుపోయింది, అంతే. సుమారు ఆరు డిగ్రీలకు ఒక పాయింటు చొప్పున తగ్గుతుందని లెక్క. రబ్బరు ఎత్తుగా ఉన్న టైరు ఈ మూడు నాలుగు పాయింట్ల లోటును కొంత ఓర్చుకుంటుంది. పలుచని టైరుకు ఆ ఓపిక లేదు. గాలి తక్కువై, గుంత కనబడక, రబ్బరు చాలక ఉన్న ఆ వేళే ఆసుపత్రి ప్రయాణాలు, గుడి ప్రయాణాలు జరుగుతున్నాయి. గాలిని పొద్దున్నే, బండి కదలక ముందే చూసుకోవాలి. కొలిచే చిన్న మీటరు కొని ఇంట్లో ఉంచుకోవడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

మూడవది స్టెప్నీ. అన్నిటికంటె గడ్డు సమస్య ఇదే. 2020లో కేంద్ర ప్రభుత్వం నిబంధన సవరించింది. ట్యూబులేని టైర్లు, గాలి తగ్గితే చెప్పే యంత్రం, పంచరు వేసుకునే సామాను ఉన్న కార్లకు స్టెప్నీ అక్కరలేదని ఆ సవరణ సారాంశం. నగరాలకు అది బాగానే ఉండవచ్చు. కంపెనీలకు బరువు, స్థలం రెండూ కలిసివచ్చాయి. కొన్ని బండ్లలో స్టెప్నీ ఇచ్చినా అది సన్నపాటి తాత్కాలిక చక్రం. 80 కిలోమీటర్ల వేగం మించరాదని దాని మీదే రాసి ఉంటుంది. మేకు దిగితే పంచరు సామాను పనికి వస్తుంది. పక్క కోసుకుపోతే? "అన్నా, ఇది పంచరు గాదు, సైడు కట్టు. దీనికి పట్టీ పడదు, టైరే మార్చాలె" అనే మాట హైవే పక్క పంచరు దుకాణాలలో వినని డ్రైవరు లేడు. బొలెరో టైరైతే ఏదో ఒక దుకాణంలో పాతదైనా దొరుకుతుంది. ఇరవై అంగుళాల టైరు తెల్లవారుజామున చిన్న ఊళ్ళో ఎవరు నిలువ ఉంచుతారు? వెనుక సీటులో నొప్పులు పడుతున్న మనిషి ఉంటే ఆ బండి దర్జా ఎవరికి కావాలి?

ఇక మంచు కురిసే దేశాల వారు ఏమి చేస్తున్నారో చూడవచ్చు. ఏడు డిగ్రీలకు దిగువన మామూలు రబ్బరు బిగుసుకుపోతుంది గనుక అక్కడ చలికాలానికి వేరే టైర్లు వాడతారు. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు అవి వేయకపోతే చట్టరీత్యా నేరం. షికాగోలోనో, టొరంటోలోనో స్థిరపడిన తెలుగువారిలో చాలామందికి ఏటా రెండుసార్లు చక్రాలు మార్చడం అలవాటే. గమనించవలసిన విశేషం ఏమంటే, ఆ చలికాలపు చక్రాలు కొనేటప్పుడు అక్కడివారు తరచుగా రిమ్మును ఒక అంగుళం తగ్గించి కొంటారు. టైరు చవకగా వస్తుంది, రబ్బరు ఎత్తు పెరుగుతుంది, సన్నని టైరు మంచును కోసుకుని కింద నేలను పట్టుకుంటుంది. మంచు కింద దాగిన గుంతలో పడ్డా రిమ్ము నిలుస్తుంది. మన జహీరాబాదుకు చలికాలపు టైర్లు అక్కరలేదు, పగలు ఎండ కాసే ఊరిది. రిమ్ము తగ్గించే తెలివి మాత్రం ఇక్కడా పనికి వస్తుంది.

పెద్ద రిమ్ముకు గుణాలే లేవని అనడం న్యాయం కాదు. లోపల పెద్ద బ్రేకు పళ్ళేలు పడతాయి. నున్నని రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు బండి మలుపులో ఊగదు. హైదరాబాదు ఔటర్ రింగురోడ్డు మీద తిరిగేవారికి అది ఉపయోగమే. న్యాల్‌కల్, మొగుడంపల్లి లోపలి దారులలో తిరిగేవారికి మాత్రం నడుము నొప్పి తప్ప వేరే లాభం కనబడదు.

కంపెనీలు చేస్తున్న పని ఒకటి ఆక్షేపణీయంగా ఉన్నది. ప్రమాదాన్ని ముందే పసిగట్టే ఏర్పాట్ల వంటివి ధర ఎక్కువ రకాలకే పెట్టి, ఆ రకాలకే పెద్ద రిమ్ములు తగిలిస్తున్నారు. ప్రాణరక్షణ కావాలన్నవాడు పలుచని టైరునూ కట్టుకోవలసిందే. సౌకర్యాలన్నీ ఉన్న బండికి చిన్న రిమ్ము కోరుకునే అవకాశం కొనుగోలుదారుకు ఇస్తే వారికి పోయేదేమున్నది? పల్లెల నుంచి పదిమంది అడిగితే షోరూముల వారు పై వారికి చెప్పకపోరు.

ఇక కొందరు యువకులు మామూలు బండికి బయటి దుకాణంలో పెద్ద రిమ్ములు వేయిస్తున్నారు. ఇది ఇంకా ప్రమాదం. చక్రం గూటికి తగులుతుంది, వేగం చూపే ముల్లు తప్పు చూపుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్ణయించినదానికి భిన్నంగా బండిని మార్చడానికి వీలు లేదు. ప్రమాదం జరిగినప్పుడు బీమా వారు అడిగే మొదటి ప్రశ్నలలో ఇదొకటి కావచ్చు.

చక్రాల మీద ఇంత చర్చ జరిగినా రోడ్ల శాఖ బాధ్యత తగ్గదు. వానలు వెళ్ళగానే, చెరకు బండ్లు కదలక ముందే, గుంతలు పూడ్చి తారు అంచుల వెంట మొరం పోయించవలసి ఉన్నది. ఏటా ఈ పని ఫిబ్రవరిలో మొదలైతే ప్రయోజనం ఏమిటి? అలాగే వెనుక ఎర్ర రేకు కూడా లేకుండా పొగమంచులో పోతున్న ట్రాలీల సంగతి. ఎర్రగా మెరిసే పట్టీ ఖరీదు ఒక చెరకు మోపు ధరకు మించదు. ట్రాలీ యజమానులు రైతులే, వెనుక వచ్చే కారులో ఉండేదీ వారి బంధువులే.

పండుగకు కొత్త బండి తీయాలనుకుంటున్నవారు షోరూములో రంగు చూసే ముందు కాస్త వంగి టైరు పక్కన రాసిన అంకె చదవాలి. మధ్య అంకె 65 కాని, 70 కాని ఉంటే మన దారులకు నయం. 55కు దిగితే ఆలోచించాలి. ఆ తరువాత వెనుక తలుపు తీయించి స్టెప్నీ చూపించమనాలి. స్టెప్నీ ఉంటే అది మిగతా నాలుగు చక్రాల కొలతదేనా అని అడగాలి. లేదంటే రాత్రి రెండు గంటలకు కోహీర్ దారిలో టైరు పక్కకు కోసుకుపోతే ఎవరికి ఫోను చేయాలో, వారు ఎంతసేపటిలో వస్తారో కాగితం మీద రాయించి తీసుకోవాలి.