తొమ్మిదో తరగతి కాగితం ఎక్కడ పెట్టారు?

డాలస్ శివారు ఫ్రిస్కోలో ఆగస్టు తొలివారం. స్కూలు ఆఫీసులో రిజిస్ట్రార్ ఎదురుగా ఒక తెలుగు తల్లి కూర్చుని ఉంటుంది. ఒళ్లో ప్లాస్టిక్ ఫోల్డర్. అందులో అపార్ట్‌మెంట్ లీజు, కరెంటు బిల్లు, పాప జనన ధ్రువపత్రం, టీకాల కార్డు. అన్నిటికీ పైన, ముందుగా కనపడాలని పెట్టుకున్న హైదరాబాద్ స్కూలు ప్రోగ్రెస్ రిపోర్టు. రిజిస్ట్రార్ దాన్ని పక్కకు జరిపి పుట్టిన తేదీ చూస్తుంది. టీకాల కార్డులో తొమ్మిదో నెలలో వేయించిన తట్టు టీకా లెక్కలోకి రాదని, ఏడాది నిండాక వేసినవే చెల్లుతాయని చెబుతుంది. ఆ తర్వాత మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు, ‘ఫస్ట్ గ్రేడ్’ అంటుంది.

‘ఫస్ట్ అయిపోయిందండీ. అన్నీ ఏ ప్లస్‌లే’ అని తల్లి రిపోర్టు మళ్లీ ముందుకు తోస్తుంది. ఆ సాయంత్రానికి కబురు గుంటూరు చేరుతుంది. వీడియో కాల్‌లో అమ్మమ్మ అడిగే మొదటి ప్రశ్న: ‘అంత డబ్బు పోసి వెళ్లింది పిల్లను కింది క్లాసులో వేయించడానికా?’

లెక్క చూస్తే ఇందులో ఎవరి కుట్రా లేదు. పాప 2019 అక్టోబరులో పుట్టిందనుకుందాం. 2025 జూన్ 12న మన బడులు తెరిచిననాడు ఒకటో తరగతిలో కూర్చునే సరికి ఐదేళ్ల ఎనిమిది నెలలు. టెక్సాస్‌లో సెప్టెంబరు 1 నాటికి ఐదేళ్లు నిండితే కిండర్‌గార్టెన్, ఆరేళ్లు నిండితే ఫస్ట్ గ్రేడ్. 2026 సెప్టెంబరు 1న ఈ పాపకు ఆరేళ్ల పది నెలలు. ఆమె ఈడు పిల్లలంతా ఫస్ట్ గ్రేడ్‌లోనే ఉంటారు. తొందరపడింది మనం. 2020 జాతీయ విద్యావిధానం ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంది. కేంద్రీయ విద్యాలయాలు 2022–23 నుంచి మార్చి 31 నాటికి ఆరేళ్లు ఉండాల్సిందే అన్నాయి. తెలుగు నేల మీద ప్రైవేటు బడుల సంప్రదాయం మాత్రం మూడేళ్లకు నర్సరీ, ఐదు దాటగానే ఒకటి. అసలు వయసును బడికి తగ్గట్టు సర్దుకోవడం మనకు కొత్త కాదు. తాతల తరంలో సగం ఊరు జూన్, జూలైల్లో పుట్టినట్టు రికార్డుల్లో ఉంటుంది. అదంతా అప్పటి హెడ్మాస్టర్ల చలవ.

పుట్టిన తేదీ గీత ప్రతిచోటా ఒకేచోట ఉండదు. న్యూయార్క్ నగరంలో ఆ క్యాలెండర్ సంవత్సరం డిసెంబరు 31లోగా ఐదేళ్లు నిండేవాళ్లను కిండర్‌గార్టెన్‌లో చేర్చుకుంటారు. హడ్సన్ నది దాటి న్యూజెర్సీకి వస్తే చాలా స్కూలు డిస్ట్రిక్టుల్లో గీత అక్టోబరు 1. నవంబరులో పుట్టిన పిల్లవాడు నదికి ఆ పక్క ఒక తరగతి, ఈ పక్క దాని కింది తరగతి. ఇంగ్లండ్‌లో ఆగస్టు 31. ఆస్ట్రేలియాలో బడి మొదలయ్యేదే జనవరి చివర్లో. అక్కడ న్యూ సౌత్ వేల్స్‌కు జూలై 31, పక్కనున్న విక్టోరియాకు ఏప్రిల్ 30. ఇన్ని గీతల మధ్య పిల్లవాడు ‘ఎన్నో క్లాసు’ అన్నది తెలివికి కొలత ఎలా అవుతుంది? అది చిరునామాకు సంబంధించిన వివరం.

అయినా తల్లిదండ్రులు పోట్లాడతారు. ప్రిన్సిపాల్‌కు మెయిళ్లు పెడతారు, ఎక్కాలు అప్పజెప్పించిన వీడియోలు పంపుతారు. ఈ పోరాటంలో గెలవకపోవడమే పిల్లలకు మేలు. తరగతిలో అందరికన్నా చిన్నవాళ్లుగా ఉండటానికి మూల్యం ఉంది. కెల్లీ బెడార్డ్, ఎలిజబెత్ డ్యూయీ అనే ఆర్థికవేత్తలు అనేక దేశాల పరీక్షల ఫలితాలు పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, నాలుగో తరగతిలో అందరికన్నా చిన్నవాళ్లు పెద్దవాళ్లతో పోలిస్తే 4 నుంచి 12 పర్సంటైల్ పాయింట్లు వెనకబడ్డారు. ఎనిమిదో తరగతికి వచ్చినా ఆ తేడా పూర్తిగా పోలేదు. 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన మరో అధ్యయనం ఇంకా ఆలోచింపజేస్తుంది. సెప్టెంబరు 1 గీత ఉన్న రాష్ట్రాల్లో, ఆగస్టులో పుట్టి తరగతిలో చిన్నవాళ్లయిన పిల్లల్లో ప్రతి 10,000 మందికి 85 మందికి ఏకాగ్రత లోపమని (ఏడీహెచ్‌డీ) ముద్ర పడింది. సెప్టెంబరులో పుట్టి తరగతిలో పెద్దవాళ్లయిన పిల్లల్లో అది 64 మందికే. నెల తేడాలో పుట్టిన పిల్లల మెదళ్లు అంత వేరుగా ఉండవు. పక్క బల్లలో కూర్చున్నవాడు ఏడాది పెద్దవాడు కావడంతో చిన్నవాడి చిన్నతనమే జబ్బులా కనపడింది. కొత్త దేశం, కొత్త యాస, లంచ్ బాక్సులో పులిహోర చూసి ముఖం చిట్లించే పక్కవాళ్లు. వీటికి తోడు ఆ పిల్లను క్లాసులో అందరికన్నా చిన్నదాన్ని కూడా చేయడం ఎందుకు?

లెక్కల్లో పాప ముందుందా? ఉండొచ్చు, చాలామంది ఉంటారు. దానికీ దారి ఉంది. టెక్సాస్‌లో ఒకటి నుంచి ఐదు వరకు ఒక తరగతి దాటించాలంటే భాష, లెక్కలు, సైన్స్, సోషల్ నాలుగింటిలోనూ 80 శాతం చొప్పున తెచ్చుకునే పరీక్ష రాయొచ్చు. వీడియోలు పంపడం కన్నా అది మర్యాద.

ఇక్కడే ఇంకో తగాదా. చేరిక ఫారంలో ‘మీ ఇంట్లో ఎక్కువగా మాట్లాడే భాష ఏది?’ అని అడుగుతారు. నట్టింట్లో తెలుగు తప్ప ఇంకోటి వినపడని కుటుంబాలు కూడా అక్కడ ‘ఇంగ్లిష్’ అని రాసేస్తాయి. పిల్లకు ఇంగ్లిష్ రాదని విడిగా కూర్చోబెడతారన్న భయం. ఈ ప్రశ్న వెనక ఒక కోర్టు తీర్పు ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనా సంతతి పిల్లల తరఫున వేసిన లావ్ వర్సెస్ నికల్స్ కేసులో, భాష అర్థం కాని పిల్లలకు అందరితోపాటు అవే పుస్తకాలు, అదే పాఠం ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1974లో తేల్చింది. భాషా సాయం అందుకే వచ్చింది. ఆ సాయానికీ పిల్ల ఏ తరగతిలో కూర్చుంటుందన్నదానికీ సంబంధం లేదు. కెనడా పండితుడు జిమ్ కమిన్స్ చెప్పినదాని ప్రకారం ఆటస్థలంలో గడగడా మాట్లాడే ఇంగ్లిష్‌కు రెండేళ్లు చాలు, పాఠ్యపుస్తకం ఇంగ్లిష్ వంటబట్టడానికి ఐదు నుంచి ఏడేళ్లు. మన ఇంగ్లిష్ మీడియం పిల్లలకు అంత పట్టకపోవచ్చు. ఆ సంగతి పరీక్ష తేలుస్తుంది, తండ్రి పెన్ను కాదు.

మరి ఇంత పట్టుదల చూపే కుటుంబాలే, ఇంటి పెద్దపిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి చేతులు ముడుచుకుంటాయి. నిజంగా పట్టించుకోవాల్సింది అక్కడ.

అమెరికాలో హైస్కూల్ తొమ్మిదో తరగతితో మొదలవుతుంది. తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లూ కలిపి ఒకే ట్రాన్‌స్క్రిప్ట్, కాలేజీలు చూసేది దాన్నే. పిల్లవాడి వయసు ఇక్కడ కొంతవరకే పనికొస్తుంది. సబ్జెక్టులు పూర్తిచేసి గడించిన క్రెడిట్లే అసలు లెక్క. టెక్సాస్ డిప్లొమాకు కనీసం 22 క్రెడిట్లు: ఇంగ్లిష్ 4, లెక్కలు 3, సైన్స్ 3, సోషల్ 3, ఇతర భాష 2, వ్యాయామం 1, కళలు 1, ఎంచుకునే సబ్జెక్టులు 5. ప్రత్యేక ధ్రువీకరణతో కలిపి 26. వీటితోపాటు ఐదు రాష్ట్ర పరీక్షలు, అందులో ఒకటి అమెరికా చరిత్ర. ఇంటర్ ఎంపీసీ సగంలో వదిలి జనవరిలో దిగిన కుర్రాడి దగ్గర ఏమున్నాయి? పొద్దుటి నుంచి రాత్రి దాకా లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ. వ్యాయామం పేరు విని రెండేళ్లయింది. బొమ్మ గీసింది ఆరో తరగతిలో. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్ష రాయలేదు కాబట్టి ఆ ఆరేడు నెలల చదువుకు చేతిలో కాగితమూ లేదు.

కౌన్సిలర్ అడుగుతుంది: తొమ్మిదో తరగతి మార్కులు? మనవాళ్ల ముఖాలు అప్పుడు చూడాలి. పదో తరగతి మెమో ప్రాణంతో సమానం. జిరాక్సులు పది, బ్యాంకు లాకర్లో ఒరిజినల్, కొందరు లామినేషన్ కూడా చేయిస్తారు (చేయించకూడదు, ముద్రలు సరిచూడటం కష్టమవుతుంది). తొమ్మిదో తరగతిని ఎవరు పట్టించుకున్నారు? చాలా కార్పొరేట్ బడుల్లో ఆ ఏడాది పదో తరగతికి రిహార్సల్, లేదా ఐఐటీ ఫౌండేషన్. ప్రోగ్రెస్ కార్డు పాత పేపర్లతోపాటు కాటాకు వెళ్లిపోయి ఉంటుంది. అమెరికా లెక్కలో ఆ కార్డే హైస్కూల్లో పావు వంతు.

ఉన్న కాగితాలూ మాట్లాడాలి కదా. మన మెమోలో ‘గణితం’ అని ఒకటే ఉంటుంది. వాళ్లకు ఆల్జీబ్రా వన్, జామెట్రీ, ఆల్జీబ్రా టూ వేర్వేరు ఏళ్ల చదువులు. బహుపదులు, త్రిభుజాలు, త్రికోణమితి అన్నీ ఒకే పుస్తకంలో చదివేసిన పిల్లవాణ్ణి, పుస్తకంలో ఏముందో తెలియక మళ్లీ ఆల్జీబ్రా వన్‌లో కూర్చోబెట్టే ప్రమాదముంది. పాఠ్యపుస్తకాల విషయసూచిక పేజీలు ఇంగ్లిష్‌లో తీసుకెళ్లినవాళ్లకు ఈ చిక్కు సగం తగ్గుతుంది. బడిలో చదివిన తెలుగు, హిందీలను ‘ఇతర భాష’ కింద లెక్కించమని అడగాలి. చాలామందికి అడగొచ్చనే తెలియదు.

ఇంకో మెలిక ర్యాంకుది. టెక్సాస్‌లో 1997 చట్టం ప్రకారం తమ స్కూల్లో పై పది శాతంలో నిలిచిన విద్యార్థులకు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సీటు ఖాయం. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆ వాటాను చాలాకాలంగా ఇంకా కుదిస్తూ వచ్చింది. 2026 నుంచి అది పై ఐదు శాతానికే. పదకొండో తరగతిలో దిగినవాడి ఇండియా మార్కులను ర్యాంకు లెక్కలో ఎలా కలపాలన్నది డిస్ట్రిక్టును బట్టి మారుతుంది. ‘ఒక ఏడు వెనక వేయిస్తే టాపర్ అవుతాడు కదా’ అని సలహా ఇచ్చే బాబాయిలు ప్రతి గుంపులోనూ ఉంటారు. ఆ బాబాయిలు వీసా సంగతి మరిచిపోతారు. తల్లిదండ్రుల వీసా మీద ఆధారపడే హెచ్‌4తో వచ్చిన బిడ్డకు 21 ఏళ్లు నిండాయంటే తల్లిదండ్రుల నీడ పోతుంది, సొంతంగా వేరే వీసా వెతుక్కోవాలి. పద్దెనిమిదికి బదులు పంతొమ్మిదికి హైస్కూల్ ముగిస్తే, ఆ గడువుకు ముందు కాలేజీలో గడిపే కాలంలో ఏడాది తగ్గినట్టే.

కుటుంబాలు ఏడాది మధ్యలో దిగడానికి కారణమూ వీసాల్లోనే ఉంది. లాటరీలో వచ్చిన కొత్త హెచ్‌1బి ఉద్యోగం మొదలయ్యేది అక్టోబరు 1న. టెక్సాస్ బడులు ఆగస్టు రెండోవారానికే తెరుచుకుంటాయి. వీసా స్టాంపింగ్ తేదీ పిల్లల టైంటేబుల్ చూసి రాదు, నిజమే. కానీ తండ్రి ముందు వెళ్లి, పిల్లలు ఏప్రిల్‌లో ఇక్కడి పరీక్షలు రాసి జూలైలో విమానం ఎక్కడం చాలా ఇళ్లలో సాధ్యమే. ఇంటర్ మధ్యలో ఉన్నవాడైతే రెండో సంవత్సరం ముగించుకుని నేరుగా కాలేజీకి వెళ్లడం మేలు. కుటుంబమంతా ఒక్కసారే కలిసి దిగాలన్న ముచ్చట కోసం పదహారేళ్ల కుర్రాడి ఏడాది ఖర్చు పెట్టడం భావ్యం కాదు. ఇంగ్లండ్ వెళ్లేవాళ్లకు ఇది ఇంకా గట్టిగా వర్తిస్తుంది. అక్కడ పదకొండో సంవత్సరం చివర రాసే జీసీఎస్‌ఈ రెండేళ్ల చదువు. మధ్యలో దూరినవాడు సగం పాఠాలు వినకుండానే పరీక్ష రాస్తాడు.

తిరుగు ప్రయాణానిదీ ఇదే కథ. ఉద్యోగం పోయిన హెచ్‌1బి మనిషికి చట్టం ఇచ్చే గడువు 60 రోజులు. అది ఫిబ్రవరిలో పడితే పిల్లల చదువు రెండు దేశాల మధ్య తెగిపోతుంది. హైదరాబాద్ వచ్చాక ఇంకో దెబ్బ. మెడికల్ సీట్లలో స్థానికతకు తెలంగాణ పెట్టిన నిబంధన, ఇంటర్ వరకు చివరి నాలుగేళ్లు రాష్ట్రంలోనే చదివి ఉండాలన్నది. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో దాన్ని సమర్థించింది. అంటే తొమ్మిదో తరగతి ఎక్కడ చదివాడన్నది ఇక్కడా లెక్కే.

ఇందులో మన బడులు, ప్రభుత్వాలు చేయగలిగింది కొంచెమే, కానీ అది చేయడం లేదు. టీసీ ఇచ్చేటప్పుడు దానికి జతగా ఒక్క పేజీ ఇవ్వొచ్చు: తొమ్మిదో తరగతి నుంచి సబ్జెక్టులవారీ మార్కులు, వారానికి ఎన్ని పీరియడ్లు, ఏ పాఠాలు, ఆటలు, చిత్రలేఖనం ఉన్నాయా, ప్రధానోపాధ్యాయుడి సంతకం, స్కూలు మెయిల్ చిరునామా. రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు దానికి ఒక నమూనా తయారుచేసి వెబ్‌సైట్లో పెట్టడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఇంతమంది పిల్లలు ప్రతి ఏటా విమానం ఎక్కే రాష్ట్రాల్లో ఇప్పటిదాకా ఆ పని ఎవరి బల్ల మీదా పడకపోవడమే వింత.

అప్పటిదాకా కథ ఇలాగే నడుస్తుంది. డాలస్‌లో కౌన్సిలర్‌తో మీటింగ్ ముగించుకుని తండ్రి కారులోంచే గుంటూరుకు ఫోన్ చేస్తాడు. అక్కడ అప్పటికి తెల్లవారుజాము. తాతగారు కుర్చీ వేసుకుని అటక మీది ట్రంకుపెట్టె దింపుతారు. మనవడి మూడో తరగతి కాపీరైటింగ్ పుస్తకాలు, ఎల్‌కేజీ గ్రూప్ ఫొటో, పదో తరగతి హాల్‌టికెట్, ఏడేళ్ల నాటి గ్యాస్ రసీదులు ఒక్కొక్కటే పైకి వస్తాయి. ఫోన్ స్పీకర్‌లో కొడుకు గొంతు మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉంటుంది: ‘నాన్నగారూ, తొమ్మిదిది ఉందా? తొమ్మిదిది?’