గ్రీన్‌కార్డు వచ్చేదాకా బండి ఎవరు నడపాలి?

పోలవరం గట్టు రోడ్డు మీద స్కూటీ వేసుకుని కాలేజీకి వెళ్లిన ఒక అమ్మాయి ఉందనుకుందాం. నిఖా అయ్యాక భర్తతో అమెరికా వెళ్లింది. అక్కడ కారు నేర్చుకుంది, పరీక్ష పాసయింది, మూడేళ్లు నడిపింది. ఒక రోజు కారు తాళం పక్కన పెట్టేసింది. ఈ కబురు ఫోన్‌లో వినగానే ఇక్కడ అమ్మానాన్నలు గాభరా పడతారు, యాక్సిడెంట్ ఏమైనా చేసిందేమోనని. యాక్సిడెంట్ లేదు, చలాన్ కూడా లేదు. లైసెన్సు మీద వేసిన తేదీ అయిపోయింది, అంతే. కొత్త తేదీ వేయాలంటే ఆమె వీసా పొడిగింపు కాగితం చూపించాలి. ఆ కాగితం భర్త ఉద్యోగాన్ని బట్టి వస్తుంది. అది ఇంకా రాలేదు.

గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్న తెలుగు కుటుంబాల్లో ఈ పరిస్థితి ఏ ఇంటికైనా రావచ్చు. 2025 చివరి నెలల్లో వచ్చిన రెండు మార్పులతో ఆ ప్రమాదం ఇంకా పెరిగింది.

ఆ రెండు మార్పులు ఏమిటంటే

మొదటిది 2025 అక్టోబరు 30న అమల్లోకి వచ్చింది. అమెరికాలో పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి కార్డును ఈఏడీ అంటారు. అంతకు ముందు ఈ కార్డు గడువు తీరేలోపు రెన్యూవల్‌కు అప్లై చేస్తే, చాలా కేటగిరీలకు పాత కార్డు దానంతట అదే 540 రోజుల వరకు చెల్లేది. హెచ్-1బీ ఉద్యోగుల భార్యలకు, అంటే హెచ్-4 వీసాపై ఉన్నవాళ్లకు కూడా ఆ వెసులుబాటు వర్తించేది. అక్టోబరు 30 నుంచి పెట్టే రెన్యూవల్ అప్లికేషన్లకు దాన్ని తీసేశారు. కొత్త కార్డు చేతికి వచ్చేదాకా పాత కార్డు పనికిరాదు.

రెండోది డిసెంబరులో వచ్చింది. గ్రీన్‌కార్డు చివరి దశ అప్లికేషన్, అంటే ఐ-485 వేసి కూర్చున్నవాళ్లకు 2023 సెప్టెంబరు నుంచి ఐదేళ్ల ఈఏడీ ఇస్తూ వచ్చారు. 2025 డిసెంబరు 5 నుంచి దాన్ని 18 నెలలకు కుదించారు. అంటే ఏడాదిన్నరకోసారి మళ్లీ అప్లికేషన్, మళ్లీ ఫీజు, మళ్లీ ఎదురుచూపు.

వీటికీ డ్రైవింగ్ లైసెన్సుకీ ఏం సంబంధం అనిపించవచ్చు. సంబంధం గట్టిగానే ఉంది. లైసెన్సు కౌంటర్ దగ్గర చూపించేది ఈ కాగితాలనే.

పరీక్ష పాసైనా చాలదు

మన దగ్గర లైసెన్సు గడువు వయసును బట్టి ఉంటుంది. 30 ఏళ్ల లోపు తీసుకుంటే 40 ఏళ్లు వచ్చేదాకా చెల్లుతుంది. 30 నుంచి 50 మధ్య తీసుకుంటే పదేళ్లు. అమెరికాలో పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ కూడా చాలా ఏళ్లకు ఒకేసారి ఇస్తారు. తాత్కాలిక వీసాపై ఉన్నవాళ్ల లెక్క వేరు.

2005లో అక్కడ రియల్ ఐడీ చట్టం చేశారు. 2001 సెప్టెంబరు 11 దాడుల మీద వేసిన కమిషన్ సిఫార్సుల నుంచి వచ్చిందది. లైసెన్సు కార్డు చూపించే విమానం ఎక్కుతున్నారు కాబట్టి, ఆ కార్డు ఎవరికి ఇస్తున్నామో ప్రభుత్వానికి తెలియాలన్నది దాని వాదన. ఎన్నోసార్లు వాయిదా పడి, 2025 మే 7 నుంచి విమానాశ్రయాల్లో ఈ చట్టం అమలు మొదలైంది.

ఈ చట్టం ప్రకారం తాత్కాలిక వీసా ఉన్నవారికి లైసెన్సు గడువు వారి అధికారిక నివాస గడువును దాటకూడదు. ఆ గడువుకు చివరి తేదీ లేకపోతే ఒక్క ఏడాదే ఇవ్వాలి. కార్డు తాత్కాలికమని దాని మీదే కనిపించాలి. రెన్యూవల్ కావాలంటే కేంద్ర ప్రభుత్వం వీసా హోదాను పొడిగించినట్టు కాగితం చూపాలి. చట్టంలో ఉన్న మాట 'పొడిగించినట్టు'. 'పొడిగింపు కోసం అప్లై చేసినట్టు' అని కాదు. కుటుంబాలు ఇరుక్కునేది ఈ తేడా దగ్గరే.

హెచ్-1బీ గడువు తీరేలోపు పొడిగింపుకు అప్లై చేస్తే, నిర్ణయం రాకపోయినా అదే కంపెనీలో 240 రోజుల వరకు పని చేయవచ్చని కేంద్ర నిబంధనే చెబుతోంది. లైసెన్సు మాత్రం పాత ఐ-94 తేదీకే ముగిసిపోవచ్చు. కొన్ని రాష్ట్రాలు అప్లికేషన్ రసీదు చూసి కొద్ది నెలలు పొడిగిస్తాయి. కొన్ని చోట్ల అనుమతి కాగితం తెస్తేనే మాట్లాడతారు. ఉద్యోగానికి వెళ్లొచ్చని ఒక ఆఫీసు చెప్తే, కారులో వెళ్లకూడదని ఇంకో ఆఫీసు చెప్పినట్టు ఉంటుంది. బస్సులు లేని ఊళ్లో ఈ రెంటికీ తేడా ఏముంటుంది?

భారతీయులకే ఎందుకింత బరువు

తాత్కాలిక హోదా నిజంగా ఏడాది రెండేళ్లదైతే ఈ నిబంధన పెద్ద ఇబ్బంది కాదు. మన వాళ్ల విషయంలో అది పదేళ్లు దాటుతోంది. ఉద్యోగాల కోటాలో ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. భార్యాపిల్లల లెక్క కూడా అందులోనే. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్నది నియమం. కొందరే వచ్చే దేశానికీ, లక్షల్లో వచ్చే మన దేశానికీ అదే పరిమితి. 2025 సెప్టెంబరులో భారతీయుల ఈబీ-2 వరుస 2013 జనవరి 1 దగ్గర ఉంది. అంటే ఆ తేదీకి ముందు క్యూలో చేరినవారికే అప్పుడు పిలుపు.

ఈ పన్నెండు పదమూడేళ్లలో హెచ్-1బీ మూడేళ్లకోసారి రెన్యూవల్ అవుతుంది. ప్రతిసారీ ఇంట్లో అందరి ఐ-94లు, ఆ వెనకాలే లైసెన్సులు. పిల్లవాడు అక్కడ బడిలో చేరి పదహారేళ్లవాడై తను కూడా లైసెన్సుకు వెళ్లే వేళకి, తండ్రి లైసెన్సు మీద ఇంకా తాత్కాలికం అనే మాటే ఉంటుంది.

భర్త తేదీ వెనక భార్య తేదీ

ఈ గొలుసులో అందరికంటే చివర ఉండేది భార్య. కంపెనీ వేసిన పిటిషన్ మీద భర్త హోదా ఆధారపడుతుంది. అతని హోదా మీద ఆమె హెచ్-4, దాని మీద ఆమె లైసెన్సు. అదనపు ఫీజు కడితే భర్త పిటిషన్ మీద 15 పనిదినాల్లో నిర్ణయం వస్తుంది. భార్య హెచ్-4 పొడిగింపు వేరే అప్లికేషన్. 2023 జనవరిలో ఒక కోర్టు కేసులో కుదిరిన ఒప్పందం ప్రకారం, రెండూ కలిపి వేస్తే రెండింటినీ కలిపే చూడాలని తేలింది. ఆ ఒప్పందం రెండేళ్లకే. 2025 జనవరితో అది ముగిసింది. ఇప్పుడు భర్తకు అనుమతి వచ్చేసి, భార్యది నెలల తరబడి ఆగిపోయినా అడగడానికి ఆ ఆసరా లేదు.

భర్తకు ఆఫీసు స్నేహితుడు లిఫ్ట్ ఇస్తాడు, లేదా ఇంటి నుంచే పని చేసుకుంటాడు. భార్య కారు ఆగితే పిల్లల బడి, డాక్టరు, కిరాణా, ఆదివారం మస్జిద్‌లో పిల్లల ఖురాన్ క్లాసు అన్నీ ఆగుతాయి. రమజాన్‌లో తరావీహ్‌కు వెళ్లాలన్నా ఎవరో ఒకరు తీసుకెళ్లాలి. హెచ్-4పై ఉండి 2015 నుంచి అమల్లో ఉన్న నిబంధన కింద ఉద్యోగం చేస్తున్న మహిళకైతే ఉద్యోగమూ పోవచ్చు. ఈఏడీ ఆలస్యమైతే పని చేసే హక్కు పోతుంది. లైసెన్సు ఆలస్యమైతే పనికి వెళ్లే దారి పోతుంది. సౌదీలో ఆడవాళ్లు 2018 జూన్ 24 నుంచి కారు నడుపుతుంటే మన ఇళ్లలో సంతోషంగా చెప్పుకున్నారు. అమెరికాలో ఉన్న మన అమ్మాయి చేతిలోంచి తాళం జారిపోవడం గురించి మాత్రం పెద్దగా మాట్లాడుకోవడం లేదు.

వేరే దారి లేదా

ఉంది. కాలిఫోర్నియా 2015 నుంచి, న్యూయార్క్ 2019 నుంచి వలస హోదా కాగితం లేకపోయినా మామూలు లైసెన్సు ఇస్తున్నాయి. దానితో విమానం ఎక్కలేరు, కానీ రోడ్డు మీద నడపవచ్చు. పరీక్ష పాసై, ఇన్సూరెన్స్ కట్టి నడిపేవాళ్లు ఎక్కువైతే రోడ్డు మీద అందరికీ మంచిదన్నది అక్కడి ఆలోచన. భద్రత కోసం గుర్తింపు కార్డు గట్టిగా ఉండాలన్న వాదనలో న్యాయం ఉంది. అయితే ఇంటి అడ్రసు, వేలిముద్రలు, జీతం వివరాలు అన్నీ ప్రభుత్వం దగ్గరే పెట్టి, టైముకు అప్లై చేసి, ఆ ఆఫీసు ఆలస్యం వల్ల ఆగినవాళ్లను అనుమానించాల్సిన పనేముంది? పని చేయడానికి 240 రోజులు ఇచ్చినట్టే నడపడానికీ 240 రోజులు ఇస్తే ఏ భద్రతకూ లోటు రాదు.

గోదావరి జిల్లాల నుంచి ఎక్కువ మంది వెళ్లే కువైట్‌లో లెక్క ఇంకోలా ఉంటుంది. అక్కడ విదేశీయులకు లైసెన్సు కావాలంటే సాధారణంగా 600 దినార్ల జీతం, డిగ్రీ, రెండేళ్ల నివాసం ఉండాలి. ఇంటి డ్రైవరు పని మీద వెళ్లేవాళ్లకు మినహాయింపు ఉంది. అక్కడ శాశ్వత నివాసం ఆశ ఎవరూ చూపించరు కాబట్టి ఆశపడేవాళ్లూ లేరు. అమెరికా మాత్రం ఆశ చూపిస్తుంది, ఆ ఆశ నెరవేరేదాకా గడిచే రోజులకు మాత్రం ఏర్పాటు చేయదు.

పోలవరం నుంచి బయలుదేరే ముందు

చట్టాలు మార్చడం మన చేతిలో లేదు. కాగితాలు సరిచూసుకోవడం ఉంది. ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

మొదటి చిక్కు పేరు. మన ముస్లిం కుటుంబాల్లో టెన్త్ సర్టిఫికెట్ మీద 'ఎస్‌కే' లేదా 'ఎండీ' అని పొట్టిగా ఉంటుంది. ఆధార్‌లో షేక్ ముందు వస్తుంది, పాన్‌లో వెనక వస్తుంది. నిఖా తర్వాత ఒక కాగితంలో బేగం చేరుతుంది, ఇంకోదాంట్లో చేరదు. మొహమ్మద్ అన్న పేరు ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాస్తారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే, అమెరికా వీసా మీద ఆమె పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్‌ఎన్‌యూ' అని పడుతుంది. పేరు తెలియదని దానర్థం. అక్కడి లైసెన్సు ఆఫీసు వివరాలను సేవ్ అనే కేంద్ర కంప్యూటర్ వ్యవస్థతో పోల్చి చూస్తుంది. అక్షరం తేడా వచ్చినా ఫైలు పక్కకు వెళ్లవచ్చు. వీసా ఇంటర్వ్యూకు ముందే పాస్‌పోర్టులో రెండు గడులూ నింపి, మిగతా కాగితాలు దాని ప్రకారం సరిచేయించుకోవడం మేలు.

రెండోది, స్కూటీ లైసెన్సు అక్కడ కారుకు పనికిరాదు. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నాక 30 రోజులు ఆగితేగానీ అసలు లైసెన్సు పరీక్షకు వెళ్లలేరు. కాబట్టి నిఖా కుదిరినప్పుడే కారు నేర్చుకోవడం మొదలుపెడితే హడావుడి ఉండదు. చెల్లుబాటులో ఉన్న లైసెన్సు, పాస్‌పోర్టు, వీసా ఉంటే రవాణా శాఖ ఫారం 4ఏ కింద ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇస్తుంది. ఫీజు రూ.1,000, గడువు గరిష్ఠంగా ఏడాది. ఇది రవాణా శాఖే ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో పదేళ్ల ఇంటర్నేషనల్ లైసెన్సు అంటూ అమ్మేది మోసం.

ఆ పర్మిట్ మీద కూడా ఒక అపోహ ఉంది. ఏడాది గడువు ఉంది కాబట్టి ఏడాదంతా నడపవచ్చని చాలామంది అనుకుంటారు. అది ప్రధానంగా చూడటానికి వచ్చినవాళ్ల కోసం. అక్కడ కాపురం పెట్టాక రాష్ట్ర లైసెన్సు తీసుకోవాల్సిందే. కాలిఫోర్నియాలో 10 రోజులు, న్యూయార్క్‌లో 30 రోజులు, టెక్సస్‌లో 90 రోజులు గడువు. కెనడాలోని ఒంటారియోలో 60 రోజులు.

అక్కడికి చేరాక

ఇంట్లో ఒక కాగితం మీద ప్రతి మనిషి పేరు ఎదురుగా నాలుగు తేదీలు రాసి పెట్టుకోవాలి: పాస్‌పోర్టు, ఐ-94, ఈఏడీ ఉంటే ఈఏడీ, లైసెన్సు. పాస్‌పోర్టు గడువు దగ్గరపడిన సమయంలో ఇండియా వచ్చి తిరిగి వెళ్తే, విమానాశ్రయంలో ఐ-94ను పాస్‌పోర్టు గడువు వరకే ఇచ్చే అవకాశం ఉంది. వీసా ఇంకా రెండేళ్లు ఉన్నా లైసెన్సు ఆ చిన్న తేదీకే ఆగుతుంది. అందుకే ప్రయాణానికి ముందే పాస్‌పోర్టు రెన్యూవల్ చేయించుకోవాలి.

హెచ్-1బీ, ఈఏడీ పొడిగింపులకు ఆరు నెలల ముందే అప్లై చేయవచ్చు. భార్య అప్లికేషన్ కూడా అదే కవర్లో వేయమని కంపెనీ లాయరును అడగాలి. ఒప్పందం ముగిసినా కలిపి చూసే అవకాశం పూర్తిగా పోలేదు. లైసెన్సు ఆఫీసులో ఆగితే సేవ్ కేస్‌చెక్‌లో మన ఫైలు ఎక్కడుందో చూసుకోవచ్చు.

గడువు అయిపోతే మాత్రం 'పక్క వీధే కదా' అని నడపకూడదు. కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా నడపడం క్రిమినల్ నేరం. అరెస్టు చేసి వేలిముద్రలు తీస్తారు. రేపు ఐ-485 వేసేటప్పుడు ఎప్పుడైనా అరెస్టయ్యారా అని ఆ ఫారమే అడుగుతుంది. పన్నెండేళ్ల ఎదురుచూపు చివర్లో, పాల ప్యాకెట్ కోసం వెళ్లిన ఒక ప్రయాణం గురించి సంజాయిషీ రాసుకోవాల్సి వస్తుంది. అలాంటి నెలల్లో మస్జిద్ దగ్గర పరిచయమైన రెండు మూడు కుటుంబాలు వంతులవారీగా పిల్లల్ని దింపుకుంటే చాలా బరువు తగ్గుతుంది.

ఇక్కడున్న పెద్దలు కూడా ఒకటి గమనించాలి. సంబంధం చూసేటప్పుడు అబ్బాయికి ఏ కంపెనీ, జీతం ఎంత, గ్రీన్‌కార్డు ఎంతవరకు వచ్చింది అని అడుగుతాం. అమ్మాయి అక్కడ ఎన్నాళ్లలో తన కారు తను నడుపుకోగలదు, ఆ లైసెన్సు తేదీ దేని మీద ఆధారపడుతుంది అని కూడా అడగాలి. గ్రీన్‌కార్డు వచ్చేసరికి ఆమె జుట్టులో నెరుపు రావచ్చు. అప్పటిదాకా ఆ ఇంటి రోజువారీ పనులు నడవాలంటే ఆమె చేతిలో చెల్లే లైసెన్సు ఉండాలి.