బండికాడి నీళ్లు ఎక్కడివి?

2024 అక్టోబరులో హైదరాబాదులో మోమోలు తిన్నాక ఒక మహిళ చనిపోయింది. ఇంకెందరో ఆస్పత్రి పాలయ్యారు. ఆ నెల 30 నుంచి ఏడాదిపాటు పచ్చిగుడ్డు మయోనైజును తెలంగాణ ప్రభుత్వం నిషేధించింది. మంచిదే. పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా ఉండొచ్చు, బాగా ఉడికితేనే చస్తది.

ఐతే ఇట్లాంటిది జరిగిన ప్రతిసారీ లాఠీ ముందు తోపుడుబండి మీదికే లేస్తది. "వాళ్ల చేతులు చూశారా?" అంటారు. ఆ మాటలో క్రిమి భయమెంతో, పాత మైల ఎంతో మనకు తెలియంది కాదు.

మేం అడిగేది నీళ్ల గురించి. పొద్దున తెచ్చుకున్న నాలుగు బిందెలే రాత్రిదాకా వంటకు, తాగడానికి, ప్లేట్లు ముంచడానికి. పానీపూరీ నీళ్లను ఎవరూ కాచరు. వాటిలో మురుగు కలిస్తే మలంలోని ఈకొలి నేరుగా కడుపులోకే. పెనం మీంచి దిగిన దోసెతో భయం తక్కువ, దాని పక్కన చట్నీ మాత్రం పొద్దుటిది. 5 నుంచి 60 డిగ్రీల నడుమ క్రిములు తొందరగా పెరుగుతాయి. మన ఎండల సంగతి చెప్పాలా!

బండి నడిపే అన్నలకు, అక్కలకూ ఒక మాట. మిగిలిన చట్నీ పారబోస్తే నష్టమే, అయినా పారబొయ్యండి. తినేది అడ్డామీది కూలీ, మనోడే. విరేచనాలు పట్టుకుంటే రెండు రోజుల కూలి పోతది.

2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. మీ పట్టణంలో ఆ కమిటీ ఎప్పుడు కూర్చుందో మున్సిపాలిటీలో అడగండి. బండ్లకాడ కొళాయి, మురుగుకాలువ, చెత్తతొట్టి కావాలని కాగితం రాసిచ్చి రసీదు తీసుకోండి.