అకర్తృత్వం సాకు కారాదు

"నేను నిమిత్తమాత్రుణ్ణి. పటం గీశాను, పైవారు ఆమోదించారు, ఇంకెవరో నిర్మించారు" అని గీతను అడ్డుపెట్టుకొనే ఇంజనీర్లు మన సత్సంగాలలోనూ ఉన్నారు. ఇది వేదాంతం కాదు, వేదాంతవేషం ధరించిన పలాయనం.

1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ కర్మాగారంలో మిథైల్ ఐసోసైనేట్ ట్యాంకులోకి నీరు చేరింది. ఆ విషద్రవాన్ని చల్లగా ఉంచవలసిన శీతలీకరణ వ్యవస్థను నెలల క్రితమే ఆపివేశారు. వాయువును నిర్వీర్యం చేయవలసిన స్క్రబ్బరు నడుస్తూ లేదు. దానిని దహించవలసిన జ్వాలాస్తంభపు గొట్టంలో ఒక భాగాన్ని మరమ్మతు నిమిత్తం తొలగించి ఉంచారు. సంస్థ స్వీయ నిపుణుల బృందమే 1982లో అనేక లోపాలను నివేదించింది. ఒక్కొక్క లోపాన్ని విడిగా చూస్తే, "మిగిలిన రక్షణలు ఉన్నాయి గదా" అన్న సమాధానం దొరుకుతుంది. అన్నీ కలిసిన ఆ రాత్రి వేలాది ప్రాణాలను బలిగొన్నది. 2010లో న్యాయస్థానం ఏడుగురికి రెండేళ్ల శిక్ష విధించింది. న్యాయస్థానపు లెక్క కొందరితో ముగియవచ్చు, కర్మ లెక్క అలా ముగియదు.

గీత పదునెనిమిదవ అధ్యాయం ప్రతి కర్మకూ ఐదు కారణాలను చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం. "నేనొక్కడినే కర్తను" అనే అహంకారాన్ని ఆ బోధ ఖండిస్తుంది, నిజమే. కానీ ఐదింటిలో కర్తకూ స్థానమున్నది! ఏకైక కారణం కాకపోవడం వేరు, కారణమే కాకపోవడం వేరు. ఇక అహంభావం లేనివానికి కర్మ అంటదన్న వాక్యం ఫలాపేక్ష నశించిన జ్ఞానికి వర్తిస్తుంది. జీతానికీ పదోన్నతికీ కర్తయై, దోషానికి మాత్రం అకర్త అయ్యేవానికి ఆ వాక్యం రక్షణ ఎలా అవుతుంది?

"అందరిదీ బాధ్యత అంటే ఎవరిదీ కాదు" అని కొందరి ఆక్షేపణ. పాపం అప్పు కాదు, పదిమంది పంచుకొంటే పదోవంతు కావడానికి. తెలిసి, ఆపగలిగి, మౌనం వహించిన ప్రతివాడూ తన మౌనానికి పూర్ణంగా బాధ్యుడు. అధికారం ఎక్కువైనవాని భారం మరింత గురుతరం. అంతమాత్రాన క్రిందివాని భారం శూన్యం కాదు.

కనుక, సాధకులారా! లోపం కనబడినప్పుడు లిఖితంగా అభ్యంతరం తెలుపండి. వినకుంటే సంతకం నిరాకరించండి. ఉద్యోగానికి ముప్పు రావచ్చు. ఆ ఫలాన్ని ఈశ్వరునికి వదలడమే నిష్కామకర్మ. సంతకం చేసి దోషాన్ని ఈశ్వరునిపై వేయడం మాత్రం కాదు.