తాటిచెట్టు దిగని బొమ్మ

కొండపల్లి బొమ్మల మీద వచ్చిన వ్యాసాలు ఏవైనా ఓ నాలుగు తీసి చదవండి. నాలుగూ ఒకటే వ్యాసం. రాజస్థాన్ నుంచి వలస వచ్చారని చెప్పుకునే ఆర్యక్షత్రియులు, నాలుగొందల ఏళ్ళ చరిత్ర, తెల్లపొణికి చెక్క, చింతగింజల మక్కు, సంక్రాంతికి బొమ్మల కొలువు, చివర్లో "అంతరించిపోతున్న ఈ కళను కాపాడుకోవాలి" అని ఓ నిట్టూర్పు. ఆ బొమ్మ ముక్కు ఎలా ఉంది, ఆ మనిషి అలా ఎందుకు నుంచున్నాడు, చెక్కినవాడికి ఆ మనిషి మీద ఏమనిపించింది? వీటి గురించి ఒక్క వాక్యం దొరకదు. ఒక కథల సంపుటిని సమీక్షిస్తూ కాగితం ఏ మిల్లుదో, బైండింగ్ ఎవరు చేశారో రాసి, "పుస్తకాలను కాపాడుకుందాం" అని ముగిస్తే మనం ఊరుకుంటామా? కామెంట్లలో చీల్చి చెండాడతాం. బొమ్మ విషయానికొచ్చేసరికి మాత్రం అదే గొప్ప వ్యాసం అయిపోతుంది.

దశావతారాలనీ, అంబారీ ఏనుగునీ కాసేపు పక్కన పెట్టండి. మిగిలినవి చూడండి. తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, రోకటితో దంచే ఆడమనిషి, ఎడ్లబండి తోలేవాడు, పాములవాడు, తంబురా పట్టుకుని కళ్ళు మూసుకున్న దాసరి. ఇవి పనిలో, ఆటలో, పాటలో ఉన్న మనుషుల కారికేచర్లు. ఒక లక్షణాన్ని పట్టుకుని, దాన్ని సాగదీసి, మిగతాదంతా వదిలెయ్యడం కారికేచర్ పద్ధతి. బాపు రెండు గీతల్లో అదే చేస్తే ఆహా అంటాం, ఆ గీత మీద సెమినార్లు పెడతాం. అదే పని ఉలితో చేసినవాడిని 'హస్తకళాకారుడు' అని పిలిచి, ఎగ్జిబిషన్‌లో ఒక స్టాలిచ్చి కూర్చోబెడతాం.

ఈ బొమ్మకి ఆ హాస్యం ఎక్కడినుంచి వస్తుందో చూస్తే సరదాగా ఉంటుంది. తెల్లపొణికి బాగా తేలిక, మెత్తన. ఉలికి అడ్డం చెప్పదు, కానీ టేకు మీద చేసినట్టు సన్నటి నగిషీ దానిమీద చెయ్యాలంటే కష్టం. కాబట్టి ముఖం గుండ్రంగా, కళ్ళు పెద్దగా, భుజాలు మొద్దుగా వస్తాయి. చేతులూ కాళ్ళూ విడిగా చెక్కుతారు. తర్వాత రంపప్పొట్టు, చింతగింజల పిండి కలిపిన మక్కుతో అతికిస్తారు. అతుకు ఆరేలోపు ఆ చెయ్యి ఎంత పైకి లేవాలి, ఎంత వెనక్కి వంగాలి అన్నది చెక్కేవాడి చేతిలో ఉంటుంది. రోకలెత్తిన మనిషి నడుములో కనిపించే ఆ విసురు అక్కడ పుడుతుంది. సున్నం పూత, రంగులు ఆ తర్వాతి సంగతి. మనవాళ్ళు రాసేది మాత్రం ఎప్పుడూ రంగుల గురించే. సహజమైనవా, ఎనామిలా అని.

ఇంతకీ నా అసలు గొడవ ఇది కాదు. కారికేచర్ అంటే ఎదురుగా ఉన్న మనిషిని చూసి చేసేది. కొండపల్లి పక్కనే ఇబ్రహీంపట్నంలో థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. దాని చిమ్నీలు ఊరికి ఆనవాలు. బూడిద లారీలు, కాంట్రాక్టు కూలీలు, విజయవాడ హైవే మీద టీకొట్లు. ఇన్ని రకాల మనుషులు రోజూ కళ్ళముందు తిరుగుతుంటే, నేను చూసిన షాపుల్లో ఒక్క లారీ డ్రైవరు బొమ్మ లేదు. గీత కార్మికుడు మాత్రం ఇంకా చెట్టు మీదే ఉన్నాడు, నవ్వుతూ. నిజం గీత కార్మికులు మోకు జారి పడి చనిపోయిన వార్తలు జిల్లా పేజీల్లో వస్తూనే ఉంటాయి. ఆ చెట్టు ఎంత ఎత్తో, ఆ మోకు ఎంత పాతదో బొమ్మ చెప్పదు. చెబితే మన డ్రాయింగ్ రూములో పెట్టుకోం కదా!

అదే మన తప్పు. మనకి కావలసింది 'పల్లె'. అందులో ప్రతి కులం తన పని చేసుకుంటూ, తన చోట నిలబడి, రంగురంగులుగా, నోరెత్తకుండా ఉండాలి. వాట్సాప్‌లో కులం మీద పోస్టులు పెట్టే మిత్రులే ఆన్‌లైన్లో 'విలేజ్ సెట్' కొని, టీవీ కింద వరసగా పేరుస్తారు. సెట్ అన్న మాట గమనించండి. ఒక్కటి తక్కువైతే బాగోదట. కొనేవాడి చూపు బొమ్మని ఎలా మలుస్తుందో మన దేశానికి కొత్త కాదు. 1851 లండన్ మహా ప్రదర్శనకి బెంగాల్ కృష్ణానగర్ నుంచి మట్టిబొమ్మలు వెళ్ళాయి. వృత్తులవారీగా, కులాలవారీగా మనుషుల్ని బొమ్మలు కట్టించుకోవడం అప్పటి దొరలకి ఒక సరదా. ఇప్పుడు దొరల కుర్చీలో మనం కూర్చున్నాం, అంతే తేడా.

"చేసేవాళ్ళు అమ్ముడుపోయేది చేస్తారు, వాళ్ళకి చెప్పడానికి నువ్వెవరు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నేను వాళ్ళకి చెప్పడం లేదు. కొత్త బొమ్మకి కొత్త కొలతలు కావాలి, పది పాడైతే ఒకటి కుదురుతుంది, ఆ పాడైన పదికి డబ్బిచ్చేవాడు లేడు. సాఫ్ట్‌వేర్లో దాన్ని ప్రోటోటైప్ అని గౌరవంగా పిలిచి, బడ్జెట్ కేటాయిస్తాం. బొమ్మకి మాత్రం డజను లెక్కన బేరమాడతాం.

ఇంకో దేశంలో ఇంకోలా జరిగింది. స్వీడన్‌లో ఆక్సెల్ పీటర్సన్ అని ఒకాయన ఉండేవాడు, 1868లో పుట్టి 1925లో పోయాడు. పుట్టిన ఊరి పేరుతో డోడర్‌హుల్టార్న్ అంటారు. కత్తి గాట్లు అలాగే వదిలేసి, నున్నగా చెయ్యకుండా తన చుట్టూ ఉన్న మనుషుల్ని చెక్కాడు. బక్కచిక్కిన గుర్రాలు, శవయాత్రలో బరువుగా నడిచే ముసలివాళ్ళు, సైన్యంలో చేర్చుకునే పరీక్ష కోసం అధికారుల ముందు బట్టల్లేకుండా నిలబడ్డ పల్లెటూరి కుర్రాళ్ళు. ఆ చివరిది చూస్తే ముందు నవ్వొస్తుంది, తర్వాత ఆ నవ్వు గొంతులో ఇరుక్కుంటుంది. ఆస్కార్‌షామ్న్‌లో ఆయన పేర మ్యూజియం ఉంది. అక్కడ ఆ బొమ్మల ముందు శిల్పి పేరు ఉంటుంది. మన బొమ్మ అడుగున ఎవరి పేరుంటుంది? జీ.ఐ. గుర్తింపు ఊరికొచ్చింది, చెక్కినవాడికి పేరు రాలేదు.

అలాగని రేపే ఎవరో ఒక ఎన్జీవో డిజైనర్ని పంపించి, ఎర్ర టీషర్టు, వీపున సంచితో నవ్వే డెలివరీ కుర్రాడి బొమ్మ చేయిస్తే నేను సంతోషించను. అది పాత అబద్ధానికి కొత్త యూనిఫాం. వానలో మూడో అంతస్తు మెట్లెక్కి, ఓటీపీ అడిగి, మన ముఖం చూడకుండా దిగిపోయేవాడి మెడ ఏ కోణంలో వంగి ఉంటుందో చెక్కేవాడికి తెలుసు. వాళ్ళ ఇంట్లోనే అలాంటి కొడుకో, మేనల్లుడో ఉండొచ్చు. ఆ మెడని చెక్కితే కొనేవాళ్ళు కావాలి. తలుపు తీసి నిలబడ్డ మన పొట్టని, చేతిలో ఫోనుని, పైజమా బొందుని కూడా పక్కనే చెక్కితే, అప్పుడూ కొనేవాళ్ళు కావాలి.